నిరీక్షణా కాలంలో పరిశోధనకు పాల్పడినందుకు

కోటదిబ్బ విశ్వవిద్యాలయం చరిత్ర శాఖ వారు బంటుపల్లి వరహాలును ముప్పావుగంట ఇంటర్వ్యూ చేసి, తెగ మెచ్చుకుని, చేర్చుకోకుండా పంపేశారు.

మెచ్చుకోవడంలో మోసమేమీ లేదు. వరహాలు పరిశోధన చేస్తానన్నది జామిపేట జూటు మిల్లు సైరన్ మీద. ఆ మిల్లులో వాళ్ళ నాన్న ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. మిల్లు మూతపడేనాటికి వరహాలుకు ఎనిమిదేళ్ళు. ఆ తర్వాత నాన్న పోతే, అమ్మ సింహాచలం మిల్లు గేటు ఎదురుగానే టిఫిన్ బండి పెట్టి పిల్లను ఎమ్మే దాకా చదివించింది. "సైరన్‌కి చరిత్రేముంటుందమ్మా?" అని ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన అడిగితే, "చేతికి వాచీల్లేని ఊళ్ళో టైము ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే కదండీ పెత్తనం. ఆ పెత్తనం చరిత్ర రాస్తాను" అంది. అయిదుగురూ తలలూపారు. ఒకాయన ఆ మాట రాసుకున్నాడు కూడా.

పదిహేను రోజులకు రెండు కవర్లు కలిసి వచ్చాయి. మొదటిది ప్రవేశాల విభాగం నుంచి. "తాము పిహెచ్‌డి ప్రవేశమునకు అన్ని విధముల అర్హులుగా గుర్తించబడినారు. ఫెలోషిప్ మంజూరైనట్లు ధ్రువపత్రము సమర్పించిన మీదట ప్రవేశము కల్పించబడును." రెండోది ఫెలోషిప్పుల విభాగం నుంచి. "తాము ఫెలోషిప్‌నకు అన్ని విధముల అర్హులుగా గుర్తించబడినారు. ప్రవేశము పొందినట్లు ధ్రువపత్రము సమర్పించిన మీదట ఫెలోషిప్ మంజూరు చేయబడును."

రెండు ఉత్తరాల కిందా ఒకటే సంతకం.

వరహాలు ఆ సంతకాన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. పరిపాలనా భవనం రెండో అంతస్తులో ఒక పొడుగాటి గది, మధ్యలో అడ్డంగా ఒక ఇనప బీరువా. బీరువాకి ఇటు ప్రవేశాల విభాగం, అటు ఫెలోషిప్పుల విభాగం. ఇటు కుర్చీలో సన్యాసిరావు అనే సూపరింటెండెంటు కూర్చుని ఉన్నారు.

"ఫెలోషిప్పుల సూపరింటెండెంటు గారితో మాట్లాడాలండి."

ఆయన గోడ గడియారం చూశారు. "మధ్యాహ్నం రెండింటికి వస్తారమ్మా."

రెండింటికి వరహాలు బీరువా చుట్టూ తిరిగి అటుపక్కకు వెళ్ళింది. అక్కడా సన్యాసిరావు గారే ఉన్నారు.

"పొద్దున్న అటుపక్క ఉన్నది మీరే కదండీ?"

"పోస్టు ఖాళీ అయితే అదనపు బాధ్యత నాకిచ్చారమ్మా. నాలుగేళ్ళయింది."

"మరి ఇద్దరూ మీరే అయినప్పుడు, ముందు ఏదో ఒకటి ఇచ్చేయండి సార్."

సన్యాసిరావు నొచ్చుకున్నారు. "మనిషిని ఒకణ్ణేనమ్మా, హోదాలు రెండు. ఈ సీట్లో కూర్చున్నాక ఆ సీటాయన మాట కాగితం లేకుండా నేనెలా నమ్మేది? నా మాటా ఆయన నమ్మడు. ఇందులో కోపతాపాలేం లేవు."

ఆయన చెడ్డవాడు కాడు. వరహాలు ఎదుటే బీరువా అవతలి తనకు ఒక లేఖ రాశారు. లేచి చుట్టూ తిరిగి వెళ్ళారు. అందినట్టు సంతకం పెట్టుకున్నారు. కళ్ళజోడు తుడుచుకుని శ్రద్ధగా చదివారు. జవాబు రాసి పట్టుకొచ్చారు. "తమ లేఖ అందినది. పరిశీలనలో ఉన్నది."

"చూశావు కదా, నా ప్రయత్నం నేను చేశాను. ప్రస్తుతానికి నిన్ను నిరీక్షణ జాబితాలో పెడతాను. నెంబర్ వన్. నీ ముందు ఇంకెవరూ లేరు."

ఆ మాటకు వరహాలు సంబరపడింది. చిన్నప్పటినుంచీ ఎందులోనూ నెంబర్ వన్ రాని పిల్ల.

జాబితాలో మొత్తం తొమ్మిదిమంది. రెండో నెంబరు షేక్ ఇమాంబాషా అని నంద్యాల వైపు కుర్రాడు, నాపరాళ్ళ గనుల చరిత్ర రాస్తానని వచ్చినవాడు. తొమ్మిదిమందీ ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని ఆరు నెలలు ఎదురుచూశారు. ఇంకో ఆరు నెలలు అలాగే చూసేవారే. ఈలోగా ఢిల్లీ నుంచి విశ్వవిద్యాలయానికి ఒక ప్రశ్నావళి వచ్చింది. మీ ఆవరణలో ఎంతమంది పరిశోధకులు నిమగ్నులై ఉన్నారు? నిరుటికన్నా తగ్గితే కారణాలు తెలపండి.

తగ్గారు. బాగా తగ్గారు. వైస్ ఛాన్సలర్ గారు అత్యవసర సమావేశం పెట్టి సన్యాసిరావును పిలిపించారు.

"ఈ నిరీక్షణ జాబితాలోని వారు ప్రస్తుతం ఏం చేస్తున్నారు?"

"నిరీక్షిస్తున్నారండి."

"ఎక్కడ?"

"ఇళ్ళ దగ్గరండి."

వైస్ ఛాన్సలర్ గారు బల్ల చరిచారు. "అదీ మన వైఫల్యం! ఇంతటి నిరీక్షణ అసంఘటితంగా, చెల్లాచెదురుగా, ఇళ్ళల్లో వృథా అయిపోతోంది. అదే నిరీక్షణ మన ఆవరణలో జరిగితే వారు నిమగ్నులు కారా?"

అలా నెల తిరక్కుండా నిరీక్షణా అధ్యయన కేంద్రం పుట్టింది. పాత షటిల్ కోర్టుకు సున్నం కొట్టించి, బస్‌స్టాండులో మార్చేసిన సిమెంటు బెంచీలు తెప్పించి వరసగా వేయించారు. డైరెక్టరుగా ఆచార్య చక్రధరం గారిని నియమించారు. ప్రమోషన్ కోసం పద్నాలుగేళ్ళు ఎదురుచూసిన మనిషి కావడంతో ఆయన అర్హత గురించి ఎవరూ మాట్లాడలేకపోయారు.

ప్రారంభోత్సవం నాడు చక్రధరం గారు అరగంట ఉపన్యసించారు.

"నిరీక్షణ అనునది పరిశోధనకు పూర్వరంగము కాదు. నిరీక్షణయే పరిశోధన! పరిశోధకుడు సత్యము కొరకు నిరీక్షించును. నిరీక్షకుడు సర్క్యులర్ కొరకు నిరీక్షించును. భేదము వస్తువునందే గాని నిష్ఠయందు లేదు!"

ముందు బెంచీలో కూర్చున్న బాషా వరహాలు వైపు వంగి, "అక్కా, మనం యాడికొచ్చినాం?" అన్నాడు. "ఏమో బాషా. ఐడీ కార్డు మాత్రం బాగుంది" అంది వరహాలు.

కార్డు మీద ఆమె ఫొటో, ఫొటో కింద 'నిరీక్షకురాలు, క్రమసంఖ్య 1' అని ఉంది. ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

"ఏటే, సేర్సుకున్నారా?"

"చేర్చుకున్నారమ్మా. ఎదురుచూడ్డానికి."

"ఏదోటి. సేర్సుకున్నారు గదా" అంది సింహాచలం. మర్నాటినుంచి ఇడ్లీలు కట్టించుకునేవాళ్ళందరికీ చెప్పింది. "మా పాప యూనివర్సిటీల ఎయిటింగు సేత్తంది. కార్డు కూడా ఇచ్చినారు."

నియమావళి చక్రధరం గారు స్వయంగా రాశారు. ఉదయం పది నుంచి అయిదు వరకు బెంచీ మీద ఉండాలి. నిరీక్షణ సమయంలో నిరీక్షణ తప్ప ఇతర కార్యకలాపాలు నిషిద్ధం. చదవడం, రాయడం, నోట్సు తీసుకోవడం వంటివి ఏకాగ్రతను భంగపరుస్తాయి. నిరీక్షిస్తున్న విషయం మీద నిరీక్షణ పూర్తికాకుండానే పరిశోధన చేయడం అన్నింటికన్నా పెద్ద నేరం. మూడు నెలలకొకసారి ప్రగతి నివేదిక ఇవ్వాలి.

మొదటి నివేదికలో 'గత త్రైమాసికంలో ఎంత నిరీక్షించారు?' అన్న ప్రశ్నకు బాషా 'మూడు నెలలు' అని రాశాడు. 'ఆధారములు జతపరచగలరు' అని తిరిగొచ్చింది. వాడు పాత క్యాలెండర్‌లోంచి మూడు కాగితాలు చించి జతచేశాడు. ఆమోదం పొందింది. పైగా ఆదర్శ నివేదిక అని నోటీసుబోర్డులో పెట్టారు.

బెంచీ మీద ఉన్నవాళ్ళకు పూటకో టీ కూపన్, నెత్తిమీద ఫ్యాను, చేతిలో బస్సు పాసు ఉన్నాయని ఊళ్ళో తెలిసింది. నిరీక్షణ జాబితాలో చేరడానికి నాలుగు వందల దరఖాస్తులు వచ్చాయి. అందరినీ చేర్చుకుంటే ప్రమాణాలు పడిపోతాయని చక్రధరం గారు ప్రవేశపరీక్ష పెట్టారు. ప్రశ్నపత్రం అభ్యర్థుల ముందు బోర్లించి, మూడు గంటలసేపు ముట్టుకోకుండా కూర్చోవాలి. తిప్పి చూసినవాళ్ళు ఫెయిల్. నెగ్గినవాళ్ళలో ముప్పై ఏడుగురికి బెంచీలు దొరికాయి. తక్కినవారిని ఉపనిరీక్షకులుగా వరండాలో నిలబెట్టారు. వాళ్ళు బెంచీల వంక ఎంత ఆశగా చూసేవారంటే, వరహాలుకు కాళ్ళు చాపుకోవడానికి కూడా సిగ్గేసేది. ఊళ్ళో రెండు కోచింగ్ సెంటర్లు వెలిశాయి. ఒకదాని బోర్డు మీద 'కదలకుండా కూర్చోబెట్టే బాధ్యత మాది' అని ఉండేది.

ఢిల్లీ వారు ముచ్చటపడ్డారు. నిమగ్నత శాతంలో కోటదిబ్బ దేశంలోనే ముందుకొచ్చింది.

ఆ వేసవిలో చరిత్ర శాఖలో నిజంగానే ఒక సీటు ఖాళీ అయింది. పరిశోధన చేస్తున్న ఒకాయనకు బ్యాంకులో ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయాడు. ఆయన ఫెలోషిప్పూ అలాగే మిగిలింది. సన్యాసిరావు పరుగున ఫైలు కట్టారు. రెండు సీట్ల తరఫునా తానే మాట్లాడి ఒప్పించుకున్నానని, నెంబర్ వన్‌ను పిలవడమే తరువాయి అని ఆయనే స్వయంగా షటిల్ కోర్టుకు వచ్చి వరహాలు చెవిన వేశారు.

వరహాలు ఆ మధ్యాహ్నమే బెంచీ కింది సంచీ సర్దుకుంది. నాలుగు గంటలకు చక్రధరం గారు పిలిపించారు. ఆయన ముఖంలో దుఃఖం కనిపించింది.

"అమ్మా వరహాలూ! మమ్ము విడిచి పోవుటకు నీకు మనసెట్లు వచ్చినది? నీవు ఈ కేంద్రమునకు మూలస్తంభము. పదిహేను నెలల అఖండ నిరీక్షణ! నీవు పోయినచో మా సగటు నిరీక్షణ ఎంత పడిపోవునో ఎరుగుదువా?"

"సార్, నేను వచ్చిందే పోవడానికండి."

"అందరూ అట్లే వత్తురు." ఆయన ఒక కాగితం అందించారు. "ఆ ఖాళీని నీతో భర్తీ చేయరాదని అభ్యంతరము తెలిపితిని. వైస్ ఛాన్సలర్ వారు అంగీకరించిరి. ఆ సీటును కూడ నిరీక్షణలో ఉంచడమైనది. నీకు మాత్రము అన్యాయము జరగనివ్వను. నేటి నుండి నీవు వరిష్ఠ నిరీక్షకురాలవు."

వరిష్ఠత కింద ఆమె బెంచీకి ఒక దిండు ఇచ్చారు.

వరహాలు ఆ దిండు మీద కూర్చుని ఏడ్చింది. బాషా ఏం చెయ్యాలో తెలియక తన టీ కూపన్ కూడా ఆమెకే ఇచ్చేశాడు. "పోనీలే అక్కా. సీటే ఎదురుచూస్తా ఉంటే మనమెంత" అన్నాడు. ఏడుస్తూనే నవ్వొచ్చింది ఆమెకు.

అమ్మ ఫోన్ ఆ వారమే వచ్చింది. ఈసారి గొంతులో సంబరం లేదు.

"గంగునాయుడు తాత నిన్ను రమ్మంతన్నాడే. బేగి రమ్మంతన్నాడు."

గంగునాయుడు జామిపేట మిల్లులో ముప్పై నాలుగేళ్ళు సైరన్ గొలుసు లాగిన మనిషి. మిల్లు కాగితాలన్నీ ఎప్పుడో పాత సామాన్లవాడి పాలయ్యాయి. సైరన్ సంగతి తెలిసిన ప్రాణి ఇప్పుడు ఆయనొక్కడే. ఎనభై ఆరేళ్ళు. వరహాలు ఇంటర్వ్యూకి వెళ్ళేముందు ఆయనకు చెప్పింది, సీటు రాగానే టేపు రికార్డరు పట్టుకొస్తాను తాతా అని. ఆయన అప్పటినుంచీ గడ్డం గీయించుకుని కూర్చుంటున్నాడట.

"అమ్మా, నేనిక్కడ లేకపోతే జాబితాలోంచి…"

"నీ జాబితా ఉంతాదే. తాత ఉంతాడేటి?"

వరహాలు రాత్రంతా అదే మాట తలుచుకుని, తెల్లవారేసరికి నిశ్చయానికి వచ్చేసింది. పదిగంటలకు షటిల్ కోర్టుకు వెళ్ళి బాషాతో చెప్పింది. "రెండు రోజులు ఊరెళ్ళాలి. హాజరు ఎలా?"

బాషా కాసేపు ఆలోచించి ఆమె మెడలోని చున్నీ అడిగి తీసుకుని బెంచీ మీద దిండుకు చుట్టాడు. "బస్సులో కర్చీఫ్ ఏస్తే సీటు మనదే కదా అక్కా. యూనివర్సిటీ బస్సుకన్నా పెద్దదా ఏంది?"

హాజరు తీసుకునే గుమాస్తా వచ్చి చున్నీని చూశాడు. ఆయనా రోజూ బస్సులో వచ్చేవాడే. ఎవరో కర్చీఫ్ వేసిన సీటును కాదనడం ఆయన వల్ల కాలేదు. 'వరిష్ఠ నిరీక్షకురాలు – హాజరు' అని రాసుకుని పోయాడు. ఆ తర్వాత ఏడు నెలలపాటు, వారంలో నాలుగు రోజులు ఆ చున్నీయే నిరీక్షించింది. ప్రవర్తన సంతృప్తికరమని రెండు నివేదికలు కూడా సంపాదించింది.

జామిపేటలో గంగునాయుడు అరుగు మీద కూర్చుని చెప్పేవాడు. సైరన్ పక్కన బతికిన చెవులు కాబట్టి ఆయనకు సరిగ్గా వినిపించదు. అందుకే ఆయనా గట్టిగా అరిచి చెప్పేవాడు. వీధి వీధంతా వినేది.

మొదటి నెలంతా బాయిలర్లు, ఆవిరి, గొలుసు, షిఫ్టుల సంగతులే. రెండో నెలలో ఒకరోజు ఆయన ఉన్నట్టుండి గొంతు తగ్గించాడు.

"ఓ సంగతుంది. మా ఆడదానికి కూడా సెప్పలేదు."

"చెప్పు తాతా."

"అప్పుట్ల గెడ్డవతల ఊర్లనుంచి ఆడోలు నడిసొచ్చీవోరు, మూడు కోసులు. ఆరింటి సైరనుకి గేటు మూసీసీవోరు. నిమిసం దాటితే సగం రోజు కూలి కోత. ఆ ఏడు వానలకి గెడ్డ పొంగిపోనాది. సుట్టూ తిరిగి రావాల. పరిగెట్టుకునొచ్చి, మూసీసిన గేటు ముందల కూలబడి ఏడిసీవోరు. నాను పైనుంచి సూసీవోణ్ని. ఓ రోజు సెయ్యి రాలేదు. పది నిమిసాలు ఆగి లాగినాను."

"ఎవరూ కనిపెట్టలేదా?"

"ఎవులు కనిపెడతారు? సైరను మోగితే ఆరు. మేనేజరు తన గడియారం దానికే దిద్దుకునీవోడు. బడి, పోస్టాఫీసు, కోవెల, అన్నీ దాన్ని బట్టే. పద్నాలుగు నెల్లు ఊరు ఊరంతా పది నిమిసాలు ఎనకాల నడిసినాది. రైలొక్కటే పది నిమిసాలు ముందొచ్చీసీది. మన టేసను మాస్టరు గట్టోడని ఊరంతా మెచ్చుకున్నారు. ఆయనకి సన్మానం కూడా సేసినారు."

వరహాలు నవ్వాపుకోలేక రికార్డరు కింద పెట్టేసింది.

"కలకత్తానుంచి ఓ దొరొచ్చినాడు. మీ టైము తప్పన్నాడు. మేనేజరు ఆ దొర వాసీ పట్టుకుని సైరనుకి దిద్దీసినాడు! అప్పుడు బయమేసినాది నాకు. ఓ ఆదోరం సూసి సరి సేసీసినాను." ఆయన మళ్ళీ గొంతు తగ్గించాడు. "ఆ గెడ్డవతల ఆడోల్లలో మీ మామ్మ కూడా ఉన్నాది. నీ పేరే. ఎనిమిదో నెల కడుపుతోటి నడిసీది. లోపలున్నోడు మీ నాన్న."

వరహాలు కింద పెట్టిన రికార్డరు తీసి, ఆయన నోటికి దగ్గరగా పట్టుకుంది.

అప్పట్లో మిల్లుకు నడిచొచ్చినవాళ్ళలో ఇంకా బతికున్న ఆడవాళ్ళందరినీ ఆమె వెతికి పట్టుకుంది. రైల్వే వాళ్ళ పాత రిజిస్టర్లలో రైలు వేళలు చూసింది. బడి హాజరు పట్టీలు తిరగేసింది. పద్నాలుగు నెలలూ నిజమే. రైలు ముందు రాలేదు, ఊరే వెనక ఉంది. అదంతా ఒక వ్యాసంగా రాసి, చరిత్రకారులు గౌరవించే ఒక పత్రికకు పంపింది. ఆశ్చర్యంగా వాళ్ళు ఎదురుచూడమనలేదు. రెండు నెలల్లో అచ్చువేశారు. వ్యాసం చివర 'రచయిత్రి కోటదిబ్బ విశ్వవిద్యాలయంలో వరిష్ఠ నిరీక్షకురాలు' అని కూడా వేశారు.

వారానికి నోటీసు వచ్చింది. ఎర్ర సిరాతో.

"తాము నిరీక్షణా కాలములో, ఎట్టి అనుమతియు లేకుండ, పలుమార్లు, ఉద్దేశపూర్వకముగా పరిశోధనకు పాల్పడినట్లును, సదరు పరిశోధన ఫలించినట్లును మా దృష్టికి వచ్చినది. తమపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపగలరు."

విచారణ సెనేట్ హాల్లో పెట్టారు. వైస్ ఛాన్సలర్ గారు అధ్యక్షులు. అభియోగం మోపేది చక్రధరం గారు. నియమావళి పట్టుకుని సన్యాసిరావు పక్కన నిలబడ్డారు. ఒక స్టూలు మీద, ప్రత్యక్ష సాక్ష్యంగా, చున్నీ చుట్టిన దిండు ఉంది. సాక్షిగా గంగునాయుడు కూడా వచ్చాడు, ఇస్త్రీ పంచెలో. పక్కన చెయ్యి పట్టుకుని సింహాచలం.

"సాక్షీ, నీ పేరేమి?" అన్నారు చక్రధరం గారు.

"ఆఁ?"

"నీ పేరు!"

"పది నిమిసాలు!" అని హాలు దద్దరిల్లేలా చెప్పాడు గంగునాయుడు.

"ఈమె నిన్ను ప్రశ్నలు అడిగినదా?"

సింహాచలం ఆయన చెవిలో గట్టిగా తిరగ చెప్పింది. "అడగదేటి బాబూ? నా అరుగు కాడికొచ్చి, నేల మీద కూకోని అడిగినాది. తవరిలాగ నన్ను నిలబెట్టీసి అడగలేదు."

ఎవరో గబగబా కుర్చీ తెచ్చి వేశారు. చక్రధరం గారు గుమాస్తా వైపు తిరిగారు. "ప్రశ్నించినట్లు సాక్షి అంగీకరించెను. సమాధానములు కూడ లభించినట్లు తెలియుచున్నది. నమోదు చేయుడు."

వైస్ ఛాన్సలర్ గారు వరహాలును చూశారు. "నువ్వేమైనా చెప్పుకుంటావామ్మా?"

వరహాలు లేచింది. "తాతకి ఎనభై ఆరేళ్ళండి. నేను ఎదురుచూడగలను. ఆయన చూడలేడు. అందుకని తప్పు చేశాను. మళ్ళీ అవసరమైతే మళ్ళీ చేస్తాను."

వైస్ ఛాన్సలర్ గారు ఒక్క క్షణం మెత్తబడ్డట్టే ఉన్నారు గాని, చక్రధరం గారు అవకాశమివ్వలేదు.

"పశ్చాత్తాపము లేశమైనను లేదు! కఠినాతికఠినమైన శిక్ష విధించవలెను. ఈమె పేరును నిరీక్షణ జాబితా నుండి శాశ్వతముగా తొలగించవలెనని నా ప్రార్థన."

"తొలగించండి" అన్నారు వైస్ ఛాన్సలర్ గారు.

సన్యాసిరావు గొంతు సవరించుకున్నారు. "సార్, చిన్న మనవి. డైరెక్టరు గారు రాసిన నియమావళి పద్దెనిమిదో క్లాజు ప్రకారం జాబితా నుంచి పేరు తీసేయడానికి రెండే మార్గాలు. మొదటిది నిరీక్షకుడు మరణించడం."

అందరూ వరహాలు వైపు చూశారు.

"నాకు ఆ ఉద్దేశం లేదండి" అంది వరహాలు.

"రెండోది, ప్రవేశం పొందడం."

"రాజీనామా చేయించరాదా?" అన్నారు వైస్ ఛాన్సలర్ గారు.

"రాజీనామాలకూ ఒక జాబితా ఉంది సార్. ఇప్పుడు పెట్టినా ఈమె వంతు మూడేళ్ళకి."

చక్రధరం గారు నియమావళి లాక్కుని చూసుకున్నారు. ఎవరూ కేంద్రాన్ని విడిచి పోకూడదని ముచ్చటపడి రాసుకున్న క్లాజు. అక్షరం పొల్లుపోకుండా ఆయన రాసిందే. ఆయన ముఖం ఎర్రబడింది, తెల్లబడింది, చివరకు కర్తవ్యం గెలిచింది.

"అట్లయిన ప్రవేశము కల్పించి శిక్షింపుడు! నేరము చేసి తప్పించుకొనరాదు!"

"ఫెలోషిప్ లేకుండా ప్రవేశం చెల్లదండి. రేపు కోర్టులో శిక్ష కొట్టేస్తారు" అని సన్యాసిరావు వినయంగా గుర్తుచేశారు.

"అయినచో ఫెలోషిప్ కూడ విధింపుడు! ఒక్క దినము కూడ తగ్గింపరాదు. అయిదేండ్లు!"

ఆ విధంగా బంటుపల్లి వరహాలుకు అయిదేళ్ళ పరిశోధన పడింది. ఉత్తర్వు చదివి వినిపించినప్పుడు సింహాచలం కూతుర్ని పట్టుకుని భోరుమంది. శిక్షించినవారు అది బాధేననుకుని తృప్తిపడ్డారు.

తీర్పు సంగతి షటిల్ కోర్టుకు పావుగంటలో చేరింది. మర్నాటినుంచి అక్కడ వాతావరణమే మారిపోయింది. బెంచీల కింద పాత దస్తావేజులు కనిపించసాగాయి. ఒకమ్మాయి పమిట చెంగులో తాళపత్రాలు దాచి పట్టుబడింది. వరండాలోని ఉపనిరీక్షకులు సైతం పనివేళల్లో తప్పించుకుని పోయి ముసలివాళ్ళను ప్రశ్నలడగడం మొదలుపెట్టారు. కోటదిబ్బ చుట్టుపక్కల అరుగు మీద కూర్చున్న ప్రతి ముసలాయన ముందూ ఒక రికార్డరు ఉండేది. చరిత్ర శాఖ పుట్టిన తర్వాత అంత చరిత్ర ఆ ఆవరణలో ఎన్నడూ జరగలేదు.

చక్రధరం గారు మొదట నిఘా బృందాన్ని వేశారు. ఆ తర్వాత పట్టుబడ్డవారందరినీ ఇలా శిక్షిస్తూ పోతే కేంద్రం ఖాళీ అయిపోతుందని లెక్కచూసుకుని, బృందాన్ని కళ్ళు మూసుకోమన్నారు.

నెల తర్వాత వరహాలు తన మొదటి ఫెలోషిప్‌తో రెండు కిలోల మైసూర్‌పాక్ కట్టించుకుని షటిల్ కోర్టుకు వెళ్ళింది. బాషా బెంచీ మీద గనుల మ్యాపు బారున పరుచుకుని, ఏ మాత్రం దాచుకోకుండా రాసుకుంటున్నాడు.

"ఇంకా పట్టుకోలేదా నిన్ను?"

"యాడక్కా! డైరెక్టర్ సార్ ముందరే నిలబడి, పరిశోధన చేస్తాండా సార్ అని మూడుమాట్లు అరిచినా. తల తిప్పుకుని పోయినాడు. నేనే నా మీద ఫిర్యాదు రాసిచ్చినా. ఇదో, జవాబు."

వరహాలు కాగితం అందుకుని చదివింది. "తమ నేరము ప్రాథమికముగా నిర్ధారించబడినది. అయితే దోషుల సంఖ్య పరిమితికి మించినందున తమను దోషుల నిరీక్షణ జాబితాలో చేర్చడమైనది. క్రమసంఖ్య 31. తమ వంతు వచ్చు వరకు వేచి ఉండగలరు."

"మరేం చేస్తావురా?"

బాషా మైసూర్‌పాక్ ముక్క నోట్లో వేసుకుని, మ్యాపు కిందనుంచి లావుపాటి కాగితాల కట్ట తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"నాలుగో అధ్యాయంలో ఉండా అక్కా. ముప్పై మంది ముందరున్నారు కదా, ఈలోపల అయిపోతాది. మొదటి మూడూ చదివి తప్పులుంటే చెప్పు."

వరహాలు పెన్ను తీసి, బెంచీ మీద పక్కకు జరిగి కూర్చుని, చదవడం మొదలుపెట్టింది.